ఐదో కంచం

పోయిన నెల ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో మా ఇంటి గోడలకి రంగులు వేయించాం. వేయించాం అంటే, మా ఆయన ఒక రంగు ఎంచాడు, నేను ఆ రంగు వద్దన్నాను, చివరికి ఇద్దరికీ నచ్చని మూడో రంగు వేయించాం. రంగులు వేసే పెద్దాయన పని మొదలుపెట్టే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి, పూడ్చాల్సిన మేకు కన్నాలూ తుడవాల్సిన మరకలూ నీలం టేపు ముక్కలతో గుర్తు పెట్టుకున్నాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, గోడల నిండా నీలం ముక్కలే. సోఫా వెనక మా ఆయన తల ఆన్చే చోట ఒకటి, స్విచ్చి పక్కన మా అమ్మాయి చేతులు తగిలే చోట నాలుగు, వంటింట్లో పోపు చిందే గోడ మీద లెక్కలేనన్ని. ఈ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు ఎక్కడ చేయి పెడతారో, మమ్మల్ని చూడకుండానే ఆయన పట్టేశాడు. మనుషులు లేని చోట మనుషుల్ని చూడటం ఒకప్పుడు నాకూ నేర్పారు. ఆ విద్యతో నేను వెలగబెట్టిన నిర్వాకం ఒకటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆయనకి కూడా సగమే చెప్పాను, అదీ నేను కాస్త బాగా కనిపించే సగం.

అది రెండు వేల రెండో సంవత్సరం. పిస్కాటవే అనే ఊళ్ళో ఎమ్మెస్ చదువుతున్నాను. రెండు పడకగదుల అపార్ట్‌మెంట్, లీజు కాగితం మీద నలుగురు ఆడపిల్లల పేర్లు. ఇంట్లో మాత్రం ఐదుగురం. ఆ ఐదో మనిషి అక్క. సొంత అక్క కాదు. కరీంనగర్ వైపు ఆవిడ, మాకన్నా ముందు మా డిపార్ట్‌మెంట్‌లోనే చదివింది. ఆమె డిగ్రీ చేతికొచ్చేనాటికి ఉద్యోగాలన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి. వచ్చి చేరమని కాగితం ఇచ్చిన కంపెనీయే, చేరే తేదీకి పది రోజుల ముందు రావద్దని ఇంకో కాగితం పంపింది. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే గడువు ఒక్క ఏడాది, అది జనవరితో సరి. ఆలోగా ఎవరైనా ఉద్యోగమిచ్చి వీసాకి అప్లై చేస్తే ఉంటుంది, లేదంటే పెట్టె సర్దుకోవడమే. మార్చిలో ఆమె ఉంటున్న ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి, రెండు రోజులుంటానని మా దగ్గరికొచ్చింది. మేం పొమ్మనలేదు, ఆమె పోలేదు. వారం తిరిగేసరికి ఆమె చేతి పప్పు లేకుండా మాకు ముద్ద దిగని పరిస్థితి వచ్చింది.

మా కాంప్లెక్స్‌లో ఇంటికి నలుగురంటే నలుగురే. ఆ ఎండాకాలంలోనే కింది ఇంటాయన తన తమ్ముణ్ణి తెచ్చి పెట్టుకుంటే, లీజింగ్ ఆఫీసు మేనేజరమ్మ మర్యాదగానే పంపించేసింది. మేం ఆవిడని ఆఫీసావిడ అనేవాళ్ళం. అరవై దగ్గర వయసు, ఎప్పుడూ మెళ్ళో కళ్ళజోడు గొలుసు. ఆవిడ కారు చూస్తేనే మాకు గుండె దడ. అందుకని అక్క ఇంట్లో ఉండీ లేనట్టు ఉండటం ఒక కళగా నేర్చుకుంది. పొద్దున ఏడయ్యేసరికి పరుపు చుట్టి బట్టల అల్మరాలోకి తోసేసేది. బ్రష్షు హ్యాండ్‌బ్యాగ్‌లో, చెప్పులు సూట్‌కేసులో. దువ్వెనలో తల వెంట్రుక కూడా మిగిలేది కాదు. ఒకసారి కుళాయి బాగుచేయడానికి మనిషొస్తే ఆ అల్మరాలోనే, మా చలికోట్ల మధ్య నిలబడి, ముప్పావుగంట గడిపింది. మధ్యలో ఆమెకి తుమ్మొచ్చింది. అది నాదే అనిపించడానికి నేను గబగబా నాలుగు తుమ్ములు తుమ్మాను. ఆ మనిషి పాపం మందేసుకోమని చెప్పి వెళ్ళాడు. తలుపేసి అందరం కిందపడి నవ్వాం, అక్క తప్ప. అక్క అల్మరాలోంచి వచ్చి మంచినీళ్ళు తాగి, కూర తరగడం మొదలుపెట్టింది. ఆమె నవ్వలేదన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది.

ఇక నా విద్య సంగతి. ఆ సెప్టెంబరులో నాకు ఒక క్రెడిట్ తక్కువైంది. అది నింపుకోవడానికి టైమింగ్ కుదిరిన క్లాసు ఒక్కటే దొరికింది, నీటిరంగుల చిత్రలేఖనం. మా నాన్నకి ఫోన్‌లో అది ‘గ్రాఫిక్స్’ అని చెప్పాను. ఆయన కంప్యూటర్ అనుకుని సంతోషించాడు. టీచరు ఒక పెద్దావిడ, బూట్ల నిండా రంగు చుక్కలు. మొదటి వారం నేను రెండు కొండలూ, వాటి మధ్య సూర్యుడూ, ఒక నదీ, ఒక గుడిసే వేసి ఇచ్చాను. మన పిల్లలందరూ పుట్టగానే వేసే బొమ్మే అది. ఆవిడ చాలాసేపు చూసి, మీ ఊరు ఇలా ఉంటుందా అని అడిగింది. మాది తెనాలి. తెనాలిలో కొండలెక్కడివి? అదే చెప్పాను. అయితే నువ్వుండే చోటు వెయ్యి అంది. మనుషుల్ని వెయ్యొద్దు, వాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిన చోటు వెయ్యి, ఎవరు లేచి వెళ్ళారో చూసేవాళ్ళకి తెలియాలి అంది.

అప్పటి నుంచి నాకు పిచ్చి పట్టింది. సోఫాలో పడిన గుంట వేశాను. ఈ దేశపు నున్నటి బాత్‌టబ్ మధ్యలో మా ఎర్ర బకెట్టూ మగ్గూ వేశాను. కర్టెన్ రాడ్ మీద ఆరేసిన చున్నీలు వేశాను. టీచరు ప్రతిదానికీ తలూపేది కానీ నోరు తెరిచేది కాదు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, సింకు పక్కన నీళ్ళు కారుతున్న కంచాలు వేశాను. అమెరికా వెళ్ళే పిల్ల సూట్‌కేసులో స్టీలు కంచం పెట్టని తల్లీ లేదు, దాని అంచున పేరు కొట్టించని తల్లీ లేదు. ఐదు కంచాలు, ఐదింటి మీదా పేర్లు. నాలుగు కొత్తవి, తళతళ మెరుస్తూ. ఐదోది అక్క వాళ్ళమ్మది, పాతది, పెద్దది, అంచున సొట్ట. అమ్మ పేరు పక్కనే అక్క పేరు కూడా కొట్టించి ఇచ్చిందట. అన్నీ దాచిపెట్టే అక్క, తడి కంచాన్ని మాత్రం సంచిలో పెట్టుకోలేక మా కంచాల పక్కనే ఆరబెట్టేది. ఆ సొట్టలో కిటికీ వెలుగు పడి ఒంపు తిరిగేది. దాన్ని పట్టుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. అక్క ఆ మూడు ఆదివారాలూ కంచాలు తియ్యకుండా, ఎవరినీ తియ్యనివ్వకుండా కాపలా కాసింది. ఆ బొమ్మ చూసి టీచరు మొదటిసారి నోరు తెరిచింది. ఈ పెద్ద కంచం మనిషిని నాకు చూడాలని ఉంది అంది.

నవంబరులో, థాంక్స్‌గివింగ్‌కి ముందు, ఒక శనివారం మధ్యాహ్నం మా క్లాసు వాళ్ళ బొమ్మలన్నీ యూనివర్సిటీలో ఒక వరండాలో రెండు గంటల పాటు పెడతామన్నారు. తెలిసినవాళ్ళని తెచ్చుకోమన్నారు. అమెరికన్ పిల్లలు ఈమెయిల్ పంపి ఊరుకున్నారు. మా ఇంట్లో నెల్లూరు పిల్ల ఒకతి ఉండేది, పేరంటాల పిచ్చిది. పిలుపంటే పిలుపులా ఉండాలంటూ కుంకుమ భరిణె తీసింది. అక్క ఆ ముందురోజంతా కూర్చుని సున్నుండలు చుట్టింది. శుక్రవారం సాయంత్రం నెల్లూరు పిల్లా నేనూ పట్టుబట్టలు కట్టుకుని, మా బిల్డింగ్‌లోని పన్నెండు గడపలూ తొక్కి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, మగవాళ్ళ చేతిలో సున్నుండ పెట్టి, ఫలానా చోట ఫలానా టైముకి తప్పకుండా రావాలని చెప్పాం. చైనా దంపతులు మా ఇద్దరిలో ఒకరికి పెళ్ళనుకుని కంగ్రాట్స్ చెప్పారు. బయల్దేరేముందు ఆఫీసావిడని పిలవాలా వద్దా అని నేను నసిగితే, అక్కే కసిరింది.

“ఆమెను పిలువకుంటె ఎట్లనే? ఇంటింటికి పోయి, ఆమె గడప దాటిపోతరా? మర్యాదనా?”

నిజమే కదా అనిపించింది. పన్నెండిళ్ళు పిలిచి పదమూడో ఇల్లు వదిలేస్తే ఆ ఇంటివాళ్ళు జన్మంతా గుర్తు పెట్టుకునే ఊళ్ళలో పెరిగాం. మాకు పట్టుకున్న భయం అది. లీజు గుర్తు రాలేదు. ఆఫీసావిడ కళ్ళజోడు తీసి నుదురు ముందుకు వంచి బొట్టు పెట్టించుకుంది. ఈ ఉద్యోగంలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాననీ, అద్దెకున్నవాళ్ళు ఒక్కరూ దేనికీ పిలవలేదనీ అంది. ఇలా పిలిచాక రాకుండా ఉండకూడదని నెల్లూరు పిల్ల ఆవిడకి శాస్త్రం కూడా చెప్పింది.

ఆవిడ వచ్చింది. లిప్‌స్టిక్ వేసుకుని, చిన్న పూలగుత్తి పట్టుకుని, నుదుటన బొట్టు కూడా పెట్టుకుని వచ్చింది. మా బిల్డింగ్ జనం ఒక పదిహేను మంది అప్పటికే నా బొమ్మల ముందున్నారు. కింది ఇంటాయన కూడా ఉన్నాడు. అక్క ఒక మూల కాగితం ప్లేట్లలో సున్నుండలు సర్దుతోంది. ఆఫీసావిడ కంచాల బొమ్మ ముందు ఆగిపోయింది. చాలాసేపు చూసి, వెనక్కి తిరిగి, ఇందులో నీదేది అని అడిగింది. అయ్యో, ఆ ఒక్క ప్రశ్న కోసమే కదా నేను మూడు నెలలుగా రంగులు కలుపుతున్నది. నాకు ఒళ్ళు తెలియలేదు. ఇదిగో ఇది నాది, ఇది నెల్లూరు పిల్లది, ఇవి ఆ గది పిల్లలవి అని వేలు పెట్టి చూపించాను. ఈ పెద్దదో అంది. అది అక్కది, మాతోనే ఉంటుంది, మా అందరికీ ఆమే వండిపెడుతుంది అన్నాను. అని ఊరుకున్నానా? పరుగున వెళ్ళి, అక్క చేయి పట్టుకుని లాక్కొచ్చి, ఆ పదిహేను మంది మధ్యలో ఆవిడకి పరిచయం చేశాను.

అక్క చేయి నా చేతిలో చల్లగా అయిపోవడం నాకు ముందు తెలిసింది. దేనికో తర్వాత తెలిసింది. కింది ఇంటాయన మా వైపు తిరిగాడు. అక్కని చూశాడు, ఆఫీసావిడని చూశాడు, అంతే. ఆవిడ అక్కతో చేయి కలిపి, ఆ సొట్ట చాలా బాగా కుదిరిందని నాతో చెప్పి, చేతిలో టీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆదివారమంతా మా ఇంట్లో శవజాగరణే. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆవిడ అడిగితే ఏం చెప్పాలో నెల్లూరు పిల్ల కథ అల్లింది. ఐదో కంచం ఎవరైనా చుట్టాలొస్తే పెట్టేది, ఆ అమ్మాయి పక్క ఊరు నుంచి చూసిపోదామని వచ్చింది, ఈ బొమ్మలేసే పిల్ల గొప్పలకి పోయి ఏదో వాగింది. బాగానే ఉంది కానీ బొమ్మే అడ్డం. నేను చిక్కటి తెల్లరంగు కలిపాను. ఆ పెద్ద కంచాన్ని కప్పేసి, నాలుగే ఉన్నాయి చూడండి అందామని నా తెలివి. పదిహేను మంది చూసిన బొమ్మ! భయంలో బుర్ర అంతే పనిచేస్తుంది. కుంచె ముంచి కాగితం మీదికి వంగేసరికి అక్క వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఎనిమిది నెలల్లో ఆమె ఏదైనా వద్దని అనడం నేను వినడం అదే.

“ఉండనియ్యవే. తుడ్వకు. లీజుల నా పేరు లేదు, పోస్టుడబ్బ మీద లేదు, ఫోన్ బిల్లు మీద లేదు. ఈ దేశంల నేనున్నట్టు కాయితం గిదొక్కటే ఉన్నది.”

నాకు ఏడుపాగలేదు. ఆమె మాత్రం కుంచె తీసుకెళ్ళి సింకులో శుభ్రంగా కడిగి, కొస సవరించి, కప్పులో నిలబెట్టింది.

సోమవారం పొద్దున ఆఫీసావిడ తలుపు కొట్టింది. నెల్లూరు పిల్ల చుట్టాల కథ సగం చెప్పేసరికి అక్క గదిలోంచి బయటికొచ్చి, ఆ కంచం నాదేనండీ, మార్చి నుంచి ఇక్కడే ఉంటున్నాను, వీళ్ళ తప్పేం లేదు అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పేసింది. ఆవిడ తలొంచుకుని వింది. పది రోజుల్లో వెళ్ళిపోతే లీజు మీదికి ఏమీ రానివ్వనంది. ఇంకేమీ అడగలేదు, అక్కని కళ్ళెత్తి చూడనూ లేదు. ఎంత రాతిగుండె అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడాదంతా వేసిన అప్లికేషన్లలో అక్కకి ఆఖరి ఇంటర్వ్యూ దాకా వచ్చింది ఒక్కటే, ఒక మందుల కంపెనీలో. డిసెంబరు మొదటి వారంలో రమ్మన్నారు. ఆ ఆఫీసు మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అక్క రెండుసార్లు నడిచి చూసుకుని, ఇరవై రెండు నిమిషాలని కూడా లెక్కేసుకుంది. ఇప్పుడు చూస్తే ఆమెకి తల దాచుకోను చోటు దొరికింది రైలూ బస్సూ మారి రావాల్సిన జెర్సీ సిటీలో, దూరపు చుట్టాల ఒంటిగది ఇంట్లో, చంటిపిల్లతో ఉన్న భార్యాభర్తల దగ్గర. వెళ్ళే రోజు అల్మరా అంతా తనే తుడిచింది. ఇంటర్వ్యూ రోజు తెల్లారేసరికి విపరీతంగా మంచు. రైళ్ళు ఆగి ఆగి నడిచాయి, బస్సు అసలు రానే లేదు. రెండు గంటలు ఆలస్యంగా, మోకాళ్ళదాకా తడిసి చేరింది. వాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఉన్న టైములో నాలుగు ప్రశ్నలడిగి పంపించారు. ఉద్యోగం రాలేదు. అదే రోజు మేం మా కిటికీలోంచి ఆ మంచు చూసి, క్లాసులు లేవని ఉప్మా చేసుకుని తిన్నాం.

జనవరిలో అక్క హైదరాబాద్ వెళ్ళిపోయింది. మా ఇంట్లోనే ఉంటే ఆ ఉద్యోగం వచ్చి ఉండేదా అంటే నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఎయిర్‌పోర్ట్‌లో కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బొమ్మ అడిగి తీసుకుని, చీరల మధ్య పెట్టుకుంది. ఇప్పుడక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చెబుతోంది, సంసారం, పిల్లలు, అన్నీ ఉన్నాయి. పండగలకి ఫోన్ చేస్తే బాగానే మాట్లాడుతుంది. అమెరికా రమ్మంటే మాత్రం మాట మారుస్తుంది.

మే నెలలో మేం ఆ ఇల్లు ఖాళీ చేశాం. తాళాలిచ్చే రోజు ఇల్లు చూడటానికి ఆఫీసావిడ వచ్చింది. మిగతావాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు, నేనొక్కదాన్నే ఉన్నాను. గదులన్నీ తిరిగి, గోడలు చూసి, కాగితం మీద టిక్కులు పెట్టుకుని, ఆ పెద్ద కంచం అమ్మాయి ఎలా ఉంది అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మంచు సంగతీ, ఇంటర్వ్యూ సంగతీ, ఇండియా వెళ్ళిపోయిన సంగతీ అన్నీ దులిపేశాను. మీకు రూలు ముఖ్యం కదా అని కూడా అన్నాను. ఆవిడ కాగితం కింద పెట్టి, కిటికీ గట్టుకి ఆనుకుంది. తర్వాత అన్నది ఇంగ్లీషులోనే అయినా, నాకెందుకో తెలుగులోనే గుర్తుండిపోయింది.

“నాకు మార్చి నుంచీ తెలుసు. అందరూ బట్టలుతుక్కునే గదిలో రోజూ పుస్తకం పట్టుకుని కూర్చునేది. ఎన్నాళ్ళుంటావమ్మా అంటే రెండు రోజులనేది. వారానికోసారి అడిగేదాన్ని. ఎప్పుడడిగినా రెండు రోజులే. నాకు తెలియదనుకుంటే సరిపోయేది, ఎనిమిది నెలలు అలాగే అనుకున్నాను. నువ్వు తీసుకొచ్చి అందరి ముందూ ఆమె చేయి నా చేతిలో పెట్టావు. ఎవరి తమ్ముణ్ణి నేను పంపించేశానో ఆయన నన్నే చూస్తున్నాడు. ఇంకా తెలియదని ఎలా అనను?”

తాళాలు ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాను. క్షమించమని అడగాలని బస్టాపు దాకా వచ్చాక తోచింది. వెనక్కి వెళ్ళలేదు. చూసిందల్లా పదిమందికీ చూపించడమే నిజమని నమ్మిన వయసు అది. చూసి కూడా చూడనట్టు ఊరుకోవడంలో ఎంత దయ ఉంటుందో నాకు తలకెక్కడానికి పదమూడేళ్ళు పట్టింది. ఆ ఇంటర్వ్యూ దాకా అక్కకి అప్పుడు కావలసింది మూడు వారాలు.